ప్యానెళ్లకు పడని పొగ

మా ఊరు గుమ్మడిదల దాటాక వస్తుంది. ఊరికి ఒక పక్క మందుల ఫ్యాక్టరీ, ఇంకో పక్క కొత్తగా వచ్చిన సోలార్ ప్లాంటు. ఫ్యాక్టరీ బాయిలర్ పొగ మాకు ఇరవై ఏళ్ల చుట్టం. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, సత్తయ్య ఊపిరితిత్తుల మీద చనువుగా కూర్చుంటుంది. సత్తయ్యకు రాత్రయితే దగ్గు, ఆయాసం. ఆ పొగ ఆపించాలని అతని భార్య రాజవ్వ తిరగని ఆఫీసు లేదు. ముసలాయన కంటినిండా నిద్రపోవాలి, ఆమెకు కావలసింది అంతే.

అధికారులు రాకపోలేదు. వచ్చారు, ఫ్యాక్టరీ ఏసీ గదిలో టీ తాగారు, గాలి దివ్యంగా ఉందని తేల్చారు. సత్తయ్యది బీడీ దగ్గన్నారు. జన్మలో బీడీ ముట్టని మనిషి అతను.

సోలార్ ప్లాంటు ఘనమైనదే, కాదనను. వంద ఎకరాల్లో ప్యానెళ్లు పొద్దుతో పాటే తూర్పు నుంచి పడమటికి తిరుగుతాయి. బొగ్గు కాల్చకుండా పుట్టిన ఆ కరెంటు సబ్‌స్టేషన్‌కు, అక్కడి నుంచి గ్రిడ్‌లోకి పోతుంది. పగటిపూట సిటీ అంచున తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ టవర్లలో లిఫ్టులు, ఏసీలు నడుస్తున్నాయంటే అందులో మా ఊరి ఎండ కూడా ఎంతో కొంత ఉన్నట్టే. మందుల ఫ్యాక్టరీ సైతం ఆ కరెంటే కొని, గేటు మీద ‘హరిత పరిశ్రమ’ అని బోర్డు పెట్టుకుంది. బాయిలర్ మాత్రం బొగ్గుతోనే. ఆవిరికి ఎండ చాలదట.

ఈ ఎండాకాలం ప్లాంటులో కరెంటు తగ్గింది. ఇంజినీరు ప్యానెల్ మీద వేలితో గీస్తే వేలు నల్లబడింది. మా ఇన్నేళ్ల మొరకు కదలని అధికారులు, ఆ ఒక్క వేలికి జీపుల మీద జీపుల్లో దిగారు. మిషన్లు పెట్టి గాలిలో మసి ఉందని కనిపెట్టారు. ఇంత గొప్ప పరిశోధనకు మేం చప్పట్లు కొట్టకపోతే బాగుండదు కదా, కొట్టాం.

రాజవ్వ మాత్రం నిజంగానే సంబరపడింది. కంచె సందులోంచి చెయ్యి పెట్టి దగ్గరి ప్యానెల్‌కు బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టింది. దండ నీడకు కరెంటు తగ్గుతుందని సూపర్‌వైజర్ శ్రావణ్‌కుమార్ పరుగున వచ్చి తీసేశాడు. మా ఊరి పిల్లాడే కాబట్టి కొబ్బరి ముక్క మాత్రం తిన్నాడు.

ఆమె అంతటితో ఊరుకోక జీపెక్కబోతున్న అధికారిని ఆపింది.

“సారూ, మా ముసలాయన రొమ్ముల గూడ గిదే మసి ఉన్నది. ఆడ అద్దం లేకపాయె, గందుకే మీకు కానరాలే.”

ఆయన తలాడించి, ప్యానెల్ మీద తీసిన మసిని భద్రంగా కవర్లో పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత ప్లాంటు వాళ్లు, ఫ్యాక్టరీ వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. పొగను వడకట్టే యంత్రం పెట్టడం చాలా కష్టమట. అందుకని సులువైన దారి వెతికారు. పగలు బాయిలర్ మంట తగ్గిస్తారు, పొద్దుగూకాక పూర్తిగా మండిస్తారు. ఈ శుభవార్త చెప్పడానికి శ్రావణ్ రాజవ్వ ఇంటికే వచ్చాడు.

“రాత్రి ప్యానెళ్లు పని చెయ్యయి పెద్దమ్మా. ఎవ్వలికీ నష్టం లేదు.”

“మీ పెదనాయిన రాత్రిపూట ఊపిరి బందు పెడ్తడా బిడ్డా?”

శ్రావణ్ మంచివాడే. రాత్రి మసి సంగతి పైవాళ్లకు చెప్తానని మాటిచ్చాడు, చెప్పాడు కూడా. పైవాళ్లు వెంటనే ఆలోచించారు. చీకటి పడగానే ప్యానెళ్లన్నీ వాటంతటవే లేచి, దాదాపు నిటారుగా నిలబడేలా ఏర్పాటు చేశారు. అలా ఉంటే వాటి మీద మసి నిలవదట.

రాజవ్వ ఇంట్లో సత్తయ్య కూడా, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకుని నిటారుగానే కూర్చుంటున్నాడు.