వదినకు అర్థమైతేనే

వదిన బఠాణీ కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్న మరిది గొంతు సవరించుకుని మళ్ళీ అదే వాక్యం చదివాడు.

"స్థితి సేకరించబడని ప్రాసెస్‌పై ఏ సంకేతమూ ప్రభావం చూపదు."

వదిన ఒక గింజ నోట్లో వేసుకుంది. "పొద్దున్నే ఎవర్ని తిడుతున్నావయ్యా?"

"తిట్టు కాదు వదినా, వాడకం పుస్తకంలోకి కొత్త వాక్యం."

"వాడకం మాట దేవుడెరుగు, చదివినవాడు ఊరొదిలి పారిపోతాడు. ఇంకోటి రాసుకురా."

మరిది లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగి. బట్టతల, ముందుకు వంగిన భుజాలు, ఎన్ని ఉతుకులకూ లొంగని సిరా మరక ఉన్న జేబు. పదిమంది నిలబడ్డ వరుసలో అతనుంటే, లెక్కపెట్టేవాడు తొమ్మిదే అని రాసుకుని వెళ్ళిపోతాడు. అలాంటి మనిషి చేతిలో ఒక వింత ఉంది. కంప్యూటర్ లోపల వందలాది ప్రోగ్రాంలు ఒకేసారి నడుస్తుంటాయి. నల్లటి తెరమీద ఒక్క ముక్క టైపు చేస్తే చాలు, కావలసినదాన్ని పేరుపెట్టి వెతికి కబురు అందించే బుల్లి పనిముట్టు ఒకటుంది. కాస్త ఆగు, మళ్ళీ మొదలెట్టు, సర్దుకుని బయల్దేరు, ఇక చాలు: దానికి తెలిసిన కబుర్లు ఇలాంటివే. ఎవరో రాసి వదిలేసిన ఆ అనాథను అతను దత్తత తీసుకున్నాడు. జీతం లేదు, బత్తెం లేదు. దాన్ని నడిసముద్రంలో ఓడలమీద వాడతారు, ఆసుపత్రుల్లో వాడతారు. మంచుకొండ మీద ఒకాయన చలికి ముక్కు ఊడి పడకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టైపు చేస్తాడట. ఈ చివరిది మాత్రం వదిన పుట్టించిన మాటే.

వదినకు కంప్యూటర్ ఓనమాలు తెలియవు. అందుకే ఆమె పరీక్షాధికారి. అన్న బతికున్న రోజులనుంచీ అదే పద్ధతి. ఆ పనిముట్టు వాడకం పుస్తకంలోకి వెళ్ళే ప్రతి వాక్యమూ ముందు ఆమె చెవిన పడాలి. ఆమె ముఖం చిట్లించిందా, కొట్టివేతే.

ఇవాళ్టి వాక్యం వెనక ఒక ఊరి దాహం ఉంది. నీళ్ళ పంపులు నడిపే ఆపరేటర్ ఒకాయన, ఆగిపోయిన ప్రోగ్రాం పేరు తెరమీద ఇంకా కనబడుతుంటే బతికే ఉందనుకున్నాడు. "ఇక చాలు" అని కబురుమీద కబురు పంపాడు. పేరు కదల్లేదు. హడలిపోయి కంప్యూటర్నే ఆపేశాడు. పంపులన్నీ ఆగాయి, ఊరంతా ఖాళీ బకెట్లతో వీధిన పడింది. "నాలా ఇంకెవరూ చెయ్యకుండా పుస్తకంలో ఒక్క మాట పెట్టండి సార్" అని ఫోనులో ఏడ్చినంత పనిచేశాడు. కొత్త పుస్తకం ఈ సాయంత్రమే వెళ్ళిపోవాలి. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాదికే.

"ఇంతకీ అది చచ్చిందా, బతికుందా?" వదిన అడిగింది.

"చచ్చిపోయింది. పేరొక్కటే మిగిలింది."

"చచ్చినదాన్ని మళ్ళీ చావమంటే ఎలా చస్తుందయ్యా, వెర్రిమాలోకం!" వదిన పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆపేసింది. "మరి పేరెందుకు మిగిలింది?"

"ప్రతి ప్రోగ్రాంనీ ఇంకో ప్రోగ్రాం కంటుంది. కన్నది వచ్చి, బిడ్డ ఎలా పోయిందో కనుక్కునేదాకా పేరు తియ్యరు."

"కన్నది కూడా పోతే?"

"అన్నిటికన్నా ముందు పుట్టింది ఒకటుంటుంది వదినా. దిక్కులేనివాటిని అది తనవి చేసుకుంటుంది. అదే వచ్చి చూసుకుంటుంది."

వదిన చేతిలో కాయ ఒలవకుండానే ఉండిపోయింది. "ఇంత పెట్టెలోనా?"

"ఇంత పెట్టెలోనే."

"ఇంత సంసారం పెట్టుకుని సేకరించబడని అంటావేమయ్యా! కన్నవాళ్ళ సంగతి రాసుకురా, పాసు చేస్తాను."

ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. లిఫ్టులో ఇరుక్కున్న ఒకాయన, "బటన్ ఆపకుండా నొక్కుతున్నానండీ!" అని అరిచాడు.

"ఇక నొక్కకండి. కబురు అందింది, మనిషి బయల్దేరాడు" అన్నాడు మరిది. ఆ ఫోను పెట్టేశాకే అతనికి వాక్యం కుదిరింది.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాడు. వదిన కిటికీ పక్క కుర్చీలో తల వెనక్కి వాల్చి ఉంది. చేతిలోని కాగితం గుమ్మంలోంచే చదివేశాడు. ఆమె ముఖం చిట్లించలేదు. పరీక్ష మధ్యలో కునుకు తీయడం ఆమెకు మామూలే కనుక, దగ్గరికొచ్చి ఇంకాస్త గట్టిగా చదివాడు.

"వదినా."

గాలికి జుట్టు కదిలింది గాని రెప్ప కదల్లేదు. చెయ్యి పట్టుకుని చూశాడు. ఆపైన ఆమెను పిలవలేదు. ఆమె కూతురికి ఫోను చేశాడు.

కూతురు సిటీ బస్సు నడుపుతుంది. యూనిఫారంలోనే వచ్చింది. వంగి తల్లి చెంపకు అరచెయ్యి ఆనించి, "అమ్మా" అంది. మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు ఆ ముఖమే చూసింది. అతను గోడ పక్కన నిలబడ్డాడు. ఇంత పెద్ద సంగతి జరిగిన గదిలో ఇంత నిశ్శబ్దం ఎలా పట్టిందో అతనికి అంతుబట్టలేదు.

"ఆ కాగితం ఏంటి బాబాయ్?"

"మీ అమ్మ పాసు చెయ్యాల్సింది. ఇవాళే వెళ్ళాలి. ఇప్పుడెందుకులే అమ్మా."

"చదువు."

అతను చదివాడు. "అది ఆగిపోయింది. ఇక దాన్ని పిలవకండి, దేన్నీ ఆపకండి. దాన్ని కన్న ప్రోగ్రాంకి కబురు పెట్టండి. కన్నది వచ్చి చూసుకున్నాక పేరు దానంతటదే వెళ్ళిపోతుంది. కన్నది లేకపోతే, అన్నిటికన్నా ముందు పుట్టింది వస్తుంది."

కూతురు తల్లి వేళ్ళు సవరించింది. "అర్థమైంది బాబాయ్."

"ఎక్కడా ముఖం చిట్లించాలనిపించలేదా?"

"లేదు. పంపించెయ్."

అతను బల్ల దగ్గరికి వెళ్ళి మీట నొక్కాడు. తెర ఒక్కసారి మెరిసి ఊరుకుంది. వాక్యం వెళ్ళిపోయింది, అతను ఎన్నడూ చూడని గదుల్లోకి, తెల్లవారుతున్న చోట్లకు.

గుమ్మం బయట వదిన చెప్పులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, అయిదు వేళ్ళ గుంటలూ నున్నగా మెరుస్తూ.