ఒకే గోడ, రెండు పియానోలు

మా పియానో ట్యూనర్ల సంఘం వాళ్ళు ఈ ఏడాది ఒక కట్ట అట్టముక్కలు పంపారు. ఒక్కోదాని మీద ఒకటే ప్రశ్న: మీ పియానోతో మీకెంత తృప్తి? కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఎవరింట్లో పియానో శ్రుతి చేస్తే వాళ్ళ చేత నచ్చిన అంకె చుట్టూ సున్నా చుట్టించి తిరిగి పంపాలి. నేను నూట పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. తొమ్మిదికి తగ్గిన ఇల్లు ఒక్కటీ లేదు. సంఘం వాళ్ళకి అనుమానం వచ్చి ఫోన్ చేశారు, ఇంట్లో కూర్చుని అన్నీ నేనే చుట్టేశానేమోనని. నేను పనికి సున్నా చుట్టే రకం కాదని చెప్పాను.

మోరిల్యాన్ దారిలో ఒకావిడ పియానోలో ఎనిమిది మెట్లు పలకవు. అడిగితే, ఆ ఎనిమిదీ తన పాటల్లో ఎలాగూ రావంది. పదికి పది. మిల్లు వెనక ఉండే ఇంకొకాయన పియానోలో పచ్చకప్ప కాపురం ఉంటుంది. వాన వచ్చే ముందు అది లోపలి నుంచి అరుస్తుంది, ఆయన వెళ్ళి తీగ మీది బట్టలు తీసుకొస్తాడు. ఆయన తొమ్మిది ఇచ్చాడు. ఒకటెందుకు తగ్గించారంటే, ఈ మధ్య కాస్త ఆలస్యంగా చెబుతోందట. మా ఊళ్ళో జనం డాక్టర్ని తిడతారు, కౌన్సిల్‌ని తిడతారు, అల్లుణ్ణి పేరు పెట్టి మరీ తిడతారు. సొంత పియానోని మాత్రం పల్లెత్తు మాట అనరు, అననివ్వరు.

అందుకే నా వృత్తిలో నాదొకటే నియమం. తీగలు ఎంతైనా బిగిస్తాను గానీ నాలుక వదులు చెయ్యను. ఎవరి పియానోనైనా వాళ్ళ ముందు మెచ్చుకోవడమే తప్ప తక్కువ చేసి మాట్లాడింది లేదు. ముప్పై ఏళ్ళు ఆ నియమం నన్ను కాపాడింది. మొన్న ఫిబ్రవరిలో ఒక గురువారం ఆల్డో పవాన్ ఇంట్లో మాత్రం కాపాడలేకపోయింది.

ఆల్డోకి డెబ్భై ఒకటి. మా ఊరు ఇన్నిస్‌ఫెయిల్ చుట్టుపక్కల నలభై ఏళ్ళు చెరకు పండించాడు. మాటకి మాత్రం ఆ తీపి అంటలేదు. భార్య పోయి తొమ్మిదేళ్ళు. కిందటేడాది బస్సు యాత్రలో టాస్మానియా వెళ్ళినప్పుడు, ఒక హోటల్లో పియానో ముందు కూర్చోబోతే అప్పటికే అక్కడ డల్సీ ట్రివిన్ అనే ఆవిడ కూర్చుని ఉంది. బ్రోకెన్ హిల్ నుంచి వచ్చింది, అరవై ఎనిమిదేళ్ళు, ఆవిడకీ భర్త లేడు. ఇద్దరూ ఆ పియానో బాగాలేదని ఒప్పుకున్నారు. ఇంటి దగ్గర నాది ఎంత బాగుంటుందో అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అలా కుదిరింది. నవంబరులో ఆవిడ రెండు పెట్టెలూ ఒక పియానోతో ఆల్డో ఇంటికి వచ్చేసింది.

ఇల్లంతా గాజుపలకల కిటికీలే. వానాకాలంలో జల్లు కొట్టని లోపలి గోడ ఒక్కటే ఉంది. ఆ గోడకి ముప్పై ఏళ్ళుగా ఆల్డో పియానో ఆనుకుని ఉంది. హాలు మధ్యలో పద్నాలుగు మంది కూర్చునే భోజనాల బల్ల. ఆదివారం పిల్లలూ మనవలూ వస్తారు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. డల్సీ పియానో నడవలో ఆగిపోయింది. బాత్‌రూంకి వెళ్ళాలంటే అందరూ పీతల్లా పక్కకి నడవాలి. నేనైతే పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి వెళ్ళేవాణ్ణి.

దానికి తోడు వైద్యాల గొడవ ఒకటి. బ్రోకెన్ హిల్‌లో గాలి మరీ పొడి, చెక్క బీటలు వారుతుంది. అందుకని అక్కడివాళ్ళు పియానో కింది పలక తీసి లోపల నీళ్ళ సీసా పెడతారు. మా దగ్గర ఏడాదికి మూడున్నర మీటర్ల వాన. చెక్క ఉబ్బి, మెట్లు ఒకదాన్నొకటి కావలించుకుంటాయి. అందుకని మేం లోపల బల్బు వెలిగించి పెడతాం. వాళ్ళది తడి వైద్యం, మాది పొడి వైద్యం. డల్సీ వాళ్ళమ్మ పెట్టిన సీసాని ఇక్కడికీ తెచ్చి అలాగే కొనసాగించింది. ఇక్కడ నీళ్ళెందుకని ఆల్డో అడిగితే, డెబ్భై ఏళ్ళ పియానోకి ఏం తాగించాలో నీకు తెలుసా నాకు తెలుసా అందట. ఆమె ఒక మెట్టు దిగదు, ఈయన ఒక మెట్టు ఎక్కడు. మధ్యలో ఎనభై ఎనిమిది మెట్లూ నావి.

ఆ గురువారం డల్సీయే ఫోన్ చేసింది. పదకొండింటికి రెక్స్ లారీ వస్తోందట, దక్షిణానికి, ఆవిడ ఊరి వైపు వెళ్తోందట. ఇంట్లో రెండు పియానోలకి చోటు లేదు కాబట్టి ఒకటి దాని మీద వెళ్ళాల్సిందే. నేను వచ్చి రెండూ చూసి ఏది మంచిదో తేల్చాలి, ఆ మాటకి ఇద్దరూ కట్టుబడతారు. వెళ్ళేది తనదైతే లారీలో దాని పక్కనే తనూ కూర్చుంటానని కూడా చెప్పింది. ఆ చివరి ముక్క ఏదో టీలో చక్కెర సంగతి చెప్పినట్టు చెప్పింది.

నేను వెళ్ళేసరికి గుమ్మం పక్కన ఆమె పెట్టెలు రెండూ సర్ది ఉన్నాయి. ఆమె లేదు. బౌలింగ్ క్లబ్బులో అందరికీ వెళ్ళొస్తానని చెప్పి రావడానికి వెళ్ళిందట. ఆల్డో గెడ్డం గీసుకోలేదు. ఏవేవో జోకులు వేశాను, ఒక్కటీ పేలలేదు. ఆయన పియానో చూశాను, ఎప్పటిలాగే ఉంది. నడవలోకి వెళ్ళి డల్సీ దాని మెట్లు నొక్కాను. ఒక్కటీ అతుక్కోలేదు. ఫిబ్రవరిలో, ఇన్నిస్‌ఫెయిల్లో, వానలు ముమ్మరంగా పడేటప్పుడు, లోపల నీళ్ళ సీసా పెట్టుకున్న పియానో తడిసి మోపెడు కావాలి. ఇది చూస్తే గలగలా మాట్లాడుతోంది. నవంబరులో నేను చూసినప్పుడు సగం మెట్లు లేవలేకపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని కింది పలక తీశాను.

నీళ్ళ సీసా ఉంది, నిండుగా. దాని పక్కనే బల్బు వెలుగుతోంది. పాత రకం, నలభై వాట్లది. కొత్త బల్బులు వేడి ఇవ్వవని ఆల్డో షెడ్డులో రెండు పెట్టెలు దాచుకున్న రకం. దాని కరెంటు తీగ నేల చెక్కలో కన్నం గుండా కిందికి దిగి, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ ఇంటి కింద బట్టలుతికే మెషిను ప్లగ్గు దగ్గరికి పోయింది. పియానో అంటే పియానోలా లేదు, కుడుములు ఉడికించే పాత్రలా ఉంది.

"క్లెమ్, ఆ పలక మూసెయ్. నువ్వేం చూడలేదు," అన్నాడు ఆల్డో వెనక నుంచి.

"చూశాను పెద్దాయనా. కళ్ళు బైర్లు కూడా కమ్మాయి."

ఆయన నీళ్ళు నమిలాడు. సీసాలో ఉన్నవి చాలవన్నట్టు. మెల్లగా సంగతి బయటికి వచ్చింది. డల్సీకి మోకాళ్ళ నొప్పి, వంగలేదు. ఆదివారం ఆదివారం సీసా నింపే పని ఆయనకే అప్పజెప్పింది. ఈయన బుద్ధిగా నింపుతాడు. నింపి, బల్బు సరిగ్గా వెలుగుతోందో లేదో చూసి, పలక మూస్తాడు. మెట్లు తేలికపడ్డాయని ఆమె సంబరపడి, చూశావా మా అమ్మ సీసా మహిమ అంటే, అవునవునని తలూపుతాడు. డిసెంబరు నుంచి ఇదే వరస.

"ఆమె మాటా వినాలి, పియానో మాటా వినాలి కదా," అన్నాడు.

ఇది చెప్పేస్తే సరిపోయేది కదా అన్నాను. చెబితే తన సీసాని, వాళ్ళమ్మని, బ్రోకెన్ హిల్‌ని కలిపి అవమానించినట్టు అవుతుందన్నాడు. తన పియానో వైపు ఒకసారి చూసుకుని, ఆ మనిషి నోట నేను ఎన్నడూ వింటాననుకోని మాట అన్నాడు.

"ఆమెదే మంచిదని చెప్పు. నాది లారీ ఎక్కించేద్దాం."

ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన ఆల్డో ఆయన. ఏటా నేను శ్రుతి చేసి లేవగానే, ఈ జిల్లాలో దీన్ని మించింది ఉందా అని అడిగేవాడు, లేదనే దాకా కాఫీ ఇచ్చేవాడు కాదు.  సరేనన్నాను. అంతలో మెట్ల మీద డల్సీ కర్ర చప్పుడు వినిపించింది. ఈసారి పియానో మెట్లు కావు, వాకిలి మెట్లు.

ఆమె వచ్చి, టోపీ తీసి, కుర్చీలో కూర్చుని, చెప్పమంది. నేను గొంతు సవరించుకుని, పెద్దమనిషిలా నిలబడి, రెండూ రత్నాలేనని, అయినా స్వరం నిండుదనంలో, స్పర్శలో, ఈ వాతావరణానికి తట్టుకోవడంలో డల్సీ గారిదే పైచేయి అని తీర్పు చెప్పాను.

"ఏమయ్యా, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దాని కింది స్వరాలు నాలుగు పగిలిన డబ్బాల్లా మోగుతాయి. నిండుదనం ఎక్కడ దొరికింది నీకు?"

నేను ఏదో అనబోయాను. ఆమె నన్ను వదిలేసి ఆల్డో వైపు తిరిగింది.

"సాయంత్రాలు దీపం వెయ్యకుండా వాయిస్తాను నేను. డిసెంబరు నుంచి పెడళ్ళ సందుల్లోంచి వెలుతురు వచ్చి నా చెప్పుల మీద పడుతోంది. నాకు వంగడం రాదు గానీ కళ్ళు కనిపిస్తాయి, ఆల్డో."

ఆల్డో నేలవైపు చూశాడు. నేను కూడా అటే చూశాను, తోడుగా.

"ఎందుకు పెట్టావు?"

"తేమ ఎక్కువగా ఉందని."

"తేమ సంగతి నేను అడగలేదు."

బయట లారీ వచ్చి ఆగిన చప్పుడైంది. రెక్స్ హారన్ కొట్టాడు. వాన మొదలయ్యేలా ఉందని కింద నుంచి కేకేశాడు. ఎవరూ కదలలేదు. ఆమె రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని కూర్చుంది. మూడు నెలలుగా ఈ ఇంట్లో చెక్క గురించి, తీగల గురించి, గోడ గురించి రోజూ మాట్లాడుకున్నామని, తను ఉండాలో వద్దో మాత్రం ఒక్కసారి కూడా ఆయన అనలేదని చెప్పింది. పియానో ఉంటే ఉండనీ అన్నాడట, నవంబరులో. పియానో ఉంటే ఉండనీ అంటే మనిషి ఏమనుకోవాలి అంది.

ఆల్డో పెదవులు కదిలాయి. చెరకు కోతల రోజుల్లో మిల్లు మేనేజర్ మీద అరిచి గెలిచిన గొంతు అది. అప్పుడు మాత్రం పొడిపొడిగా వచ్చింది.

"మెట్లు అతుక్కుపోతే నువ్వు వాయించడం మానేస్తావు. మానేస్తే ఇక్కడ నీకేం ఉంటుంది? వెళ్ళిపోతావని భయమేసింది. వెళ్ళకు, డల్సీ. పియానో సంగతి వదిలెయ్. నువ్వు ఉండు."

ఆమె చేతి సంచిలోంచి రుమాలు తీసి, కంటి తడి తుడుచుకుని, ఇది కూడా మీ ఊరి తేమే అంది.

అప్పుడు రెక్స్ పైకి వచ్చాడు, తాళ్ళూ దుప్పట్లూ భుజాన వేసుకుని. ఏ పియానో అన్నాడు. ఎవరూ చెప్పకపోయేసరికి నా వైపు చూశాడు. నేను తీర్పులిచ్చే ఉద్యోగం మానేశానన్నాను. రెక్స్ ఇక్కడి నుంచి బండి ఖాళీగా తీసుకెళ్తే నష్టమని, పద్నాలుగు కిలోమీటర్లు దారి మళ్ళి వచ్చానని సణుగుతున్నాడు. ఆల్డో హాలు మధ్యకి నడిచి, పద్నాలుగు మంది బల్ల మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. తన నలుగురు పిల్లలూ హోంవర్కు చేసిన బల్ల అది. కాసేపు దాని అంచు తడిమాడు.

"దీన్ని దారిలో టల్లీ ఊళ్ళో మా పెద్దమ్మాయి ఇంటి ముందు దించెయ్. ఆదివారాలు ఇక మేమే అక్కడికి వచ్చి తింటామని చెప్పు."

"ఆమెకి తెలుసా?" అన్నాడు రెక్స్.

"నువ్వు దించాక తెలుస్తుంది."

బల్ల దిగడానికి గంట పట్టింది. పది కుర్చీలు కూడా వెళ్ళాయి. రెక్స్, నేను, ఆల్డో కలిసి రెండు పియానోలనీ హాలు మధ్యకి, జల్లు తగలని చోటికి తోసి, వీపుకి వీపు ఆనించి పెట్టాం. వాయించేవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో రెండు పియానోలు అడ్డం కాబట్టి మొహాలు కనిపించవు. కాపురానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. ఒక చిక్కేమిటంటే, ఆమెది ఆయన దానికంటే అరస్వరం తక్కువ. ఇద్దరూ కలిసి వాయిస్తే శ్రుతి మించినట్టే. ఆమెది పైకి లాగాలంటే తీగలు తెగుతాయి, ఆయనది కిందికి దించమంటే ఆయన తెగతెంపులు చేసుకుంటాడు. వంతులేసుకుని వాయించుకోమన్నాను. సాయంత్రాలు తనవని ఆమె, కాదు తనవని ఆయన అప్పుడే వాదన మొదలుపెట్టారు.

సీసా సంగతి అడిగితే, సీసా ఉండాల్సిందే అంది డల్సీ. బల్బు కూడా ఉండాల్సిందే అన్నాడు ఆల్డో. రెండూ ఉంటే నీళ్ళు ఎండుతూ చెక్క తడుస్తూ లెక్క సరిపోతుందని, కదపొద్దని చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను.

మధ్యాహ్నానికి ఆల్డో పాస్తా వండాడు. బల్ల లేదు కాబట్టి పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. వాన గట్టిగా కురుస్తోంది. చేతిలో గ్లాసు, ఒళ్ళో పళ్ళెం, మూడో చెయ్యి లేక, పక్కనే ఉన్న డల్సీ పియానో మీద గ్లాసు పెట్టబోయాను. ఆమె ఫోర్కు గాల్లోనే ఆగింది.

"నాయనా, అది మంచి పియానో. గ్లాసు పెట్టుకోవాలంటే ఆయన దాని మీద పెట్టుకో."