వెండి కుక్కకి ఈతొచ్చా?

కొండ మీది వెండిపనివాళ్ళ ఊరు తాష్కోలో కుక్కల గొప్పతనం గురించి దోన్ తెయోఫిలో చెప్పినంత చక్కగా ఇంకెవరూ చెప్పలేరు. గుమ్మంలో పడుకున్న కుక్క మీద నీళ్ళు కుమ్మరించడంలోనూ ఆయనకు సాటి ఎవరూ లేరు. రెండు పనులూ ఒకేసారి చేయగలడు. అది అందరికీ అబ్బే విద్య కాదు.

"చూడండి సెన్యోరా," అంటాడు కొనడానికొచ్చినావిడ అరచేతిలో వెండి కుక్కను పెట్టి. పాత సమాధుల్లో దొరికే మట్టి కుక్కల్లాగే బొద్దుగా, బానపొట్టతో ఉంటుందది. "మన తాతల తాతలు ఒంటరిగా పోలేదండీ. పక్కన కుక్కను పెట్టుకుని మరీ పోయారు. చచ్చాక నది అడ్డమొస్తుంది కదా, కుక్క వీపు పట్టుకుంటేనే అవతలి గట్టు. వేల ఏళ్ళ చుట్టరికం ఇది!"

ఇక్కడ ఆయన కళ్ళు చెమరుస్తాయి. చెమర్చిన కళ్ళతోనే బకెట్టు అందుకుని, గుమ్మంలో ఎండ కాచుకుంటున్న పసుపచ్చ కుక్క మీద దభాలున కుమ్మరిస్తాడు.

"ఛీ, ఫో! చెవిపోగులు కూడా ఉన్నాయి సెన్యోరా, చూస్తారా?"

ఆ కుక్క పేరు కనేలో. ఎవరిదీ కాదు, అందుకని వీధందరిదీ.

అక్టోబరు చివర్లో, సంతలోకి బంతిపూలు బస్తాల్లో దిగుతున్న వారంలో, తెయోఫిలో గుండె విని డాక్టరు పెదవి విరిచాడు. మెట్లెక్కొద్దన్నాడు. తాష్కోలో మెట్లెక్కొద్దనడమంటే చేపను తడవొద్దనడమే.

తెయోఫిలోకి చావంటే భయం లేదు. భయమల్లా నదంటేనే. ఆయనకి ఈత రాదు.

అయితేనేం, చేతిలో పనితనముంది, కొట్లో వెండి ఉంది. నాలుగు రోజులు కూర్చుని బొటనవేలంత లావు కుక్కను పోతపోసి, గొలుసేసి మెడలో వేసుకున్నాడు. తిండి పెట్టక్కర్లేదు, గోమార్లు పట్టవు, మొరగదు. కుక్కంటే అలా ఉండాలి!

అదే బల్ల మీద ఎదురుగా పనిచేసే క్రిస్పీన్, తెయోఫిలో కూతురి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రే.

"ఏంటి కొంపాద్రే, మెడలో పందిపిల్ల?"

"కుక్కయ్యా! నన్ను నది దాటించేది."

"ఓహో. తెల్లగా ఉందే?"

"వెండి తెల్లగా కాక ఎలా ఉంటుంది?"

"మీ అవ్వ చెప్పలేదా? తెల్లకుక్కని అడిగితే, 'ఇప్పుడే స్నానం చేశాను, మళ్ళీ నీళ్ళలో దిగను' అంటుంది. నువ్వు ములుగుతుంటే గట్టుమీద కూర్చుని చూస్తుంది."

అవ్వ చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆ ఒక్క ముక్కా మింగేసి మిగతా కథంతా కొనేవాళ్ళకి చెబుతున్నాడు. వెండి అమ్ముకునేవాడు తెల్లకుక్క పనికిరాదని తన నోటితో చెప్పుకుంటాడా?

మర్నాడు కుక్కను గంధకం మందులో ముంచి నల్లగా చేశాడు. క్రిస్పీన్ ముక్కు మూసుకున్నాడు.

"నల్లకుక్కయితే, 'ఇప్పుడే మసి పూసుకున్నాను, పోతుంది' అంటుంది. నీది ఆ మాటైనా అనక్కర్లేదు, కుళ్ళుగుడ్డు వాసనకి నదే వెనక్కి పారిపోతుంది."

ఆ మర్నాడు బంగారు పూత వేశాడు. క్రిస్పీన్ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇదీ రంగంటే! దాటించేది పసుపచ్చ కుక్క ఒక్కటే."

తెయోఫిలో ఛాతీ ఉబ్బింది.

"ఒక్క సందేహం కొంపాద్రే. దీనికి ఈతొచ్చా?"

తెయోఫిలో కుక్కను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"పావుకిలో లోహం మెడకి కట్టుకుని నదిలో దిగుతావు. మామూలోళ్ళు బండరాయి కట్టుకుంటారు. నువ్వు పనితనమున్నోడివి మరి!"

తెయోఫిలో మెల్లగా గుమ్మం వైపు చూశాడు. అక్కడ కనేలో. పసుపచ్చ. నాలుగు కాళ్ళు. ఈతొచ్చు. ఆరేళ్ళుగా రోజుకో బకెట్టు.

మర్నాడు పొద్దున్నే పంది మాంసం పెట్టి చుట్టిన వేడి మొక్కజొన్న రొట్టె, తాకో, పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "రా నాన్నా, వేల ఏళ్ళ చుట్టరికం రా మనది!"

కనేలోకి ఆ ఉపన్యాసం కొత్త కాదు. దాని తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. మూడు అంగల్లో వీధి చివరికి చేరాడు.

"ఆరేళ్ళు తలంటి, ఇప్పుడు పిలిస్తే వస్తాడా అన్నయ్యా?" అని చెల్లెలు దోమితిలా కిటికీలోంచి పగలబడి నవ్వింది. ఆవిడ రొట్టె ముక్క విసిరితే గాల్లోనే అందుకున్నాడు వెధవ.

మృతుల పండగ వచ్చేదాకా రోజూ అదే తంతు. పోయినవాళ్ళు ఆ రోజు ఇళ్ళకి తిరిగొస్తారని ఊరంతా వాళ్ళకి పూలదారులు పరుస్తుంటే తెయోఫిలో మాత్రం కుక్కకి మాంసం ముక్కలతో దారి పరిచాడు. వాటిని పిల్లులు తిన్నాయి.

చివరికి పండగనాడు, నవంబరు రెండో తారీఖు పొద్దున బకెట్టు బోర్లించి, గుమ్మంలో దానిమీదే కూర్చున్నాడు. ఉపన్యాసం లేదు. తాకో ఉన్న చెయ్యి చాపి ఊరికే ఉన్నాడు. చెయ్యి తిమ్మిరెక్కింది. తాకో చల్లారింది.

కనేలో వచ్చాడు. ముందు బకెట్టు చుట్టూ వాసన చూశాడు. నీళ్ళు లేవని రూఢి చేసుకున్నాక తాకో తిన్నాడు, వేళ్ళు నాకాడు. తెయోఫిలో కళ్ళు చెమర్చాయి. ఈసారి ఎదురుగా కొనేవాళ్ళెవరూ లేరు. మెడలోని బంగారు పూత కుక్క తీసి కనేలో మెడలో వేశాడు.

కనేలో నగ చూసుకోలేదు. వెనక కాలెత్తి, బకెట్టునీ, దానికానుకున్న తెయోఫిలో కుడి బూటునీ తీరిగ్గా తడిపాడు.

తెయోఫిలో కదల్లేదు. కదిలితే వెళ్ళిపోతాడని భయం.

"కొంపాద్రే," అన్నాడు లోపలికి, గొంతు తగ్గించి, "వీడు ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?"

క్రిస్పీన్ తొంగిచూశాడు.

"ఒప్పుకున్నట్టే. ముందు నీకు నీళ్ళు అలవాటు చేస్తున్నాడు."