చంకకర్రకు పసుపు

నేను ఒక చంకకర్రను. అయ్యో పాపం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

విజయనగరంలో ఒక వడ్రంగి టేకు చెక్కతో నన్ను చేసి, అడుగున రబ్బరు బూటు తొడిగాడు. మొదట నన్ను కొన్నది లారీ డ్రైవర్ అప్పలస్వామి. కాలు విరిగిన మూడు నెలలూ నన్ను పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. కట్టు విప్పిన రోజే అటక మీదికి విసిరేశాడు. మనుషులంతే లెండి.

అటక దిగి అసిరితల్లి చేతికి వచ్చాను. చిన్నప్పుడే పోలియోతో కుడికాలు చచ్చుబడిన మనిషి. జాకెట్లు కుట్టి బతుకుతుంది, నోరు మాత్రం కత్తెరకంటే పదును. దివ్యాంగుల హాస్టల్లో పద్దెనిమిది మంది పిల్లలు మూడు చక్రాల బళ్ళు లేక బడి మానేశారని విన్నది. నేరుగా ఊరి పెద్దల దగ్గరికి నడిచింది.

"నాను దీపాలకొండ ఎక్కుతాను. పైన గుడి ధ్వజస్తంభం ముట్టుకుంటే పిల్లలకి బళ్ళు కొనియ్యాల!"

ఎలాగూ ఎక్కలేదన్న ధైర్యంతో అందరూ సరేనని చప్పట్లు కొట్టారు.

తెల్లవారగానే బయలుదేరాం. ఎనిమిది వందల మెట్లు. వికలాంగులన్న పేరు మార్చి దివ్యాంగులన్నారు గాని, మెట్ల ఎత్తు ఎవరూ తగ్గించలేదు. సగం ఎక్కేసరికి ఆమె చంకలో చర్మం లేచిపోయి, నా మీది దూదిమెత్త రక్తంతో తడిసింది. వెనక పెద్దల తరఫున సాక్షిగా వచ్చిన సన్యాసిరాజుగారు, రెండు కాళ్ళూ ఉండి కూడా, పది మెట్లకోసారి కూలబడుతున్నారు.

ఇంక ఇరవై మెట్లే ఉన్నాయనగా పూజారి అడ్డం వచ్చాడు. అక్కడినుంచి ఎవరైనా చెప్పులు విడవాల్సిందే, అది ఆ కొండ ఆచారం.

"ఆ కర్రకున్న బూటు కూడా తీసెయ్యమ్మా. అదీ చెప్పులాంటిదే."

పై మెట్లన్నీ కొబ్బరినీళ్ళతో తడిసి ఉన్నాయి. బూటు లేకపోతే మొదటి మెట్టు మీదే ఇద్దరం పడతాం.

"పోనీలే అమ్మా, ఇక్కడే ఫొటో తీసుకుని దిగిపోదాం," అన్నారు రాజుగారు.

"ఫొటో చూపిస్తే బళ్ళు ఇస్తారా బాబూ?"

ఆయన మళ్ళీ మెట్టు మీద కూలబడ్డారు. "ముట్టుకుంటేనే కదా అన్నావు..."

అసిరితల్లి పూజారి వైపు తిరిగింది.

"ఇది చెప్పా ఏటి బాబూ? నా కాలు! ఒక కాలు మా అమ్మ ఇచ్చింది, ఒకటి వడ్రంగి ఇచ్చాడు. కడుక్కోమంటే కడుక్కుంటాను. తీసీమంటే ఎలాగ తీసీగలను?"

అని కుళాయి దగ్గరికి వెళ్ళి ముందు తన పాదం, తరవాత నా బూటు మట్టి లేకుండా తోమి కడిగింది. పక్కనున్న ముసలమ్మ తన పసుపు పొట్లం విప్పి, "ఉండవే తల్లీ, కాలికి పసుపు రాయాల కదా," అంటూ వంగి నా అడుగుకి రాసేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పూజారి కాసేపు గింజుకుని, చివరికి పక్కకి తప్పుకున్నాడు.

ఆ ఇరవై మెట్లకు అరగంట పట్టింది. రెండుసార్లు జారాను, రెండుసార్లూ తిట్టింది. ధ్వజస్తంభం దగ్గర భక్తులు కళ్ళు మూసుకుని కోరికలు కోరుకుంటున్నారు. అసిరితల్లి కళ్ళు మూయలేదు. స్తంభాన్ని అరచేత్తో ఫట్‌మని కొట్టి వెనక్కి తిరిగి, కొండంతా వినపడేలా అరిచింది:

"పద్దెనిమిది బళ్ళండీ రాజుగారూ! ఒక్కటి తగ్గినా మళ్ళీ ఎక్కుతాను, ఈసారి మిమ్మల్ని ముందు నడిపించి!"