జలాంతర్గామి మీద తెల్లజెండా

రెండో ప్రపంచయుద్ధం చివర లొంగిపోయిన జర్మన్ జలాంతర్గామికి లక్ష్మీరాజం ఏడాది కష్టపడి నమూనా కట్టాడు. సిరిసిల్లలో మరమగ్గం నడిపే అతనికి పాత ఫొటోలు, పత్రాలు వెతికిపెట్టింది కోరుట్లలోని రిటైర్డు చరిత్ర టీచరు ఇంద్రమ్మ. ఆ మధ్యాహ్నమే జగిత్యాలలో నమూనాల పోటీ. ముందు ఆమెకు చూపించాలని కోరుట్లలో దిగి, ఆమె ఇంట్లో నమూనా ఉన్న పెట్టె విప్పాడు.

"తెల్లజెండా ఎందుకు పెట్టినవ్ రాజం? ఫొటోల నల్లగున్నది గదా!"

"తడిసిన బట్ట గట్లనే నల్లగ కనవడ్తది మేడం. బట్ట సంగతి నాకెర్క లేదా?"

"నేనిచ్చిన కాయితం చదివినవా మరి? గెలిచినోళ్లు నల్లజెండా ఎత్తి నీళ్ల పైకి రమ్మన్నరు. ఓడినోళ్లు అచ్చి అడుగుతరా అని నీకు తోచింది పెడ్తవా?"

బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది. ఆమె పాత గొడుగు గుడ్డ కత్తిరించి ఇచ్చింది. రోజూ తెగిన పోగులు అతికే అతని వేళ్ల నుంచి దారం రెండుసార్లు జారింది. మూడోసారికి ముడి నిలిచింది.

"లొంగినోళ్లది తెల్లజెండానే అని అక్కడ కొట్టేస్తే?"

"గీ కాయితం చూపియ్యి. అయినా కొట్టేస్తే, తప్పు వాళ్లది."

బస్సులో అతడు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కాగితాన్ని జగిత్యాల దాకా గుప్పిట్లోంచి వదల్లేదు.