మల్వైనా చోటు

రెండు రైలు దార్లు కలిసే చోట పుట్టిన ఊరు మా బాక్స్‌లీ. బండ్లు నీళ్ళకి ఆగబట్టి వర్జీనియా పటంలోకి ఎక్కింది గానీ, అంతకుముందు దీన్ని అడిగిన నాథుడు లేడు. బండిలో తిండి దొరకదు, దిగి తినే వ్యవధి ఉండదు. అందుకని మా నల్లవాళ్ళ పేట ఆడవాళ్ళు కోడి వేయించి, తట్టలు నెత్తిన పెట్టుకుని కిటికీల దగ్గరికే పోయి అమ్మేవారు. కోళ్ళు పెంచేవాళ్ళు, మొక్కజొన్న నూక అమ్మేవాళ్ళు, కట్టెలు కొట్టేవాళ్ళు, అందరి పొట్టలూ ఆ ఇంజను కూత మీదే నిండేవి. మా ఊళ్ళో పుంజు కూడా బండి వేళ చూసుకునే కూస్తుందని పక్క ఊరివాళ్ళ వేళాకోళం.

ప్లాట్‌ఫారం మీద ఎవరి చోటు వాళ్ళది. మొదటి తరగతి పెట్టె ఆగే చోటు మల్వైనాది. ఎవరైనా మంచాన పడితే బదులు మనిషి నిలబడవచ్చు, కాని కేక మాత్రం చోటుగలావిడ పేరు మీదే వెయ్యాలి. అలా చెయ్యనిదాని చేతి కాఫీ మా పేటలో ఎవరూ తాగరు.

చలికాలంలో మెట్ల మీద జారిపడి మల్వైనా మోకాలు వాచింది. తన చోట్లో టెంపీని నిలబెట్టింది. ఈ టెంపీకి కోడి కొయ్యడం దగ్గర్నుంచి నెత్తిన తట్ట నిలపడం దాకా నేర్పింది ఆవిడే. మొగుడు పట్టాలు వేసే పనికి పోయి తిరిగి రాకపోతే, ఇద్దరు పిల్లలతో ఉన్న దాన్ని అంతకుముందు ఒక చలికాలమంతా తన పొయ్యి దగ్గరే ఉంచుకుంది కూడా.

"మల్వైనా కోడీ, వేడి వేడి కోడీ" అని టెంపీ రోజూ అరిచేది. మొదట్లో బుద్ధిగానే అరిచింది. తరవాత ఒక్కోసారి నాలుక మీద ఆ పేరు బరువనిపించేది. ఒళ్ళు హూనం చేసుకునేది తనూ, పేరు మాత్రం ఆవిడదీనా?

అంతలో రైలువాళ్ళు ప్లాట్‌ఫారం చుట్టూ కంచె కట్టారు. ఇక మీదట ఇత్తడి బిళ్ళ ఉన్నవాళ్ళకే లోపలికి దారి. బిళ్ళలిచ్చే స్టేషను మాస్టరు ప్రూయిట్ దొర టెంపీని పిలిచాడు.

"మల్వైనా మళ్ళీ వస్తుందా, రాదా?"

"రాదేమో దొరా."

"ఏమిటి జబ్బు?"

మోకాలు అంటే చాలదు. మోకాలైతే ఇవాళ కాకపోతే రేపు నయమవుతుంది, బిళ్ళ ఆవిడ పేరు మీదే ఉంటుంది. టెంపీ తల వంచుకుని, "దగ్గు దొరా. ఛాతీలో" అంది.

దొర చేతి రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, బిళ్ళ టెంపీకి ఇచ్చేశాడు. అన్నం పెట్టిన ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ సంగతి టెంపీకీ తెలుసు. తెలిసే బిళ్ళ రవికకి గుచ్చుకుంది.

మేపుల్ చెట్లు చిగురించిన రోజుల్లో, ఒక సోమవారం మధ్యాహ్నం బండికి ముందు, మల్వైనా చేతికర్రతో గేటు దగ్గరికొచ్చింది. చంకలో ఏదో గుడ్డ మూట. దొర కర్ర అడ్డం పెట్టాడు.

"దగ్గు మనుషులకి లోపలికి దారి లేదు."

"నాకు దగ్గేమిటి దొరా, నా మొహం. జారిపడ్డాను" అని మల్వైనా నవ్వేసింది. "ఒసే టెంపీ, నువ్వైనా చెప్పవే ఈయనకి."

అమ్మే ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు. చెప్తే బిళ్ళ పోతుంది, పిల్లల నోటి దగ్గర కూడు పోతుంది. అంతలో బండి వచ్చి ఆగింది. మొదటి తరగతి కిటికీలోంచి ఒక టోపీ దొరసాని, రోజూ వినే కేకని బట్టి టెంపీనే మల్వైనా అనుకుని, చెయ్యి ఊపింది.

"మల్వైనా! ఇటు!"

"వస్తున్నానమ్మా" అని టెంపీ కిటికీ వైపు పరిగెత్తింది.

బండి కదిలాక చూస్తే గేటు దగ్గర మల్వైనా లేదు. పక్క చోట్లో అమ్మే డోవీ, టెంపీ మొహం వైపు చూడకుండా తట్ట తుడుచుకుంటోంది.

"ఆవిడెందుకొచ్చిందో తెలుసా? ఆ చోటు నీ చేతుల్లో పెట్టడానికి. మోకాలు ఇక నిలవదట. నిన్న చర్చిలో అందరికీ చెప్పింది. నీకు తప్ప."

టెంపీ తట్ట అక్కడే దించేసింది. దొర గదికి పోయి, "దగ్గన్నది అబద్ధం దొరా" అంది.

"చేతులు కాలాక ఆకులా? బండివాళ్ళందరికీ ఎప్పుడో చెప్పేశాను. ఆ మాట వెనక్కెలా తెస్తావు? బిళ్ళ నీ దగ్గర ఉంది కదా, పోయి అమ్ముకో."

మల్వైనా వాకిట్లో ఎండు చిక్కుళ్ళు ఒలుస్తోంది. టెంపీ గడప దగ్గరే కూలబడింది.

"దగ్గని చెప్పింది నేనే అత్తా."

"గేటు దగ్గర నీ మొహం చూశాక కూడా తెలియకపోవడానికి నేనేం గుడ్డిదాన్నా?"

"నన్ను తన్ను అత్తా."

"తన్నాలంటే ముందు లేవాలి. ఈ మోకాలితోనా?" మల్వైనా నవ్వలేదు. "సాయంత్రం బండికి ఎవరి పేరు కేకేస్తావు?"

"నీదే. ఎప్పటికీ నీదే."

"వద్దు. ఆ పేరుకి నువ్వు దగ్గు అంటించావు, ఇక ఎవరు కొంటారు? నీ పేరే వేసుకో." ఆ గుడ్డ మూట టెంపీ ఒళ్ళో పడేసింది. అందులో కొత్త చుట్టకుదురు, నెత్తిన తట్ట కింద పెట్టుకునేది. "నీకని కుట్టిందే. ఇంట్లో ఉంటే నాకు కళ్ళమంట."

సాయంత్రం బండికి టెంపీ ఆ చుట్టకుదురు మీదే తట్ట పెట్టుకుని నిలబడింది. కేక వెయ్యడానికి ఏ పేరూ నోటికి రాలేదు. కిటికీలోంచి ఎప్పుడూ కొనే ఒక ముసలి దొరసాని కోడి కాలు అందుకోబోతూ అడిగింది.

"పాపం, ఆ మల్వైనాకి క్షయట కదా?"

"కాదమ్మా. ఆవిడకి మోకాలు నొప్పి. దగ్గని అబద్ధమాడి ఈ చోటు కాజేసింది నేను."

దొరసాని చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ అద్దం మూసుకుంది. టెంపీ తట్ట సర్దుకుని, పక్క కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ అదే చెప్పింది.