బావ చూసిన రెక్క

రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ బోర్డు విమానాన్ని నేలకు గుద్దింది బావ. నాలుగు రోజులు కూర్చుని దాన్ని బాగుచేసింది బావమరిది. నలిగిన ముక్కు కోసేసి కొత్తది పెట్టాడు. విరిగిన రెక్కలోకి వెదురుపుల్లలు దూర్చి, వేడి జిగురు నింపి, పైన టేపు వేశాడు. అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

మైదానంలో తోటివాళ్ళు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. "విరగ్గొట్టడం మీ వంతు, అతికించడం అతని వంతు. బాగానే పంచుకున్నారు," అన్నాడు వాళ్ళలో ఒక కళ్ళద్దాలాయన. బావ పైకి మాత్రం నవ్వాడు. తన ముందు ఇంకొకరిని మెచ్చుకుంటే ఓర్చుకునే రకం కాదు.

ఎగరేసేముందు రెక్కల అంచులు సరిగా కదులుతున్నాయో లేదో చూడటం అక్కడి ఆనవాయితీ. బావ అందరికీ వీపు తిప్పి, రిమోట్ పుల్లను కుడికి తోశాడు. పైకి లేవాల్సిన కుడి అంచు కిందికి వంగింది. అంచును కదిపే తీగను బావమరిది తిరగేసి బిగించాడన్నమాట. రిమోట్‌లో ఒక్క మీట మారిస్తే సరిపోయేది. బావ మార్చలేదు.

"బాగుచేసిన చేత్తో నువ్వే ఎగరెయ్యి," అని రిమోట్ అతని చేతికిచ్చాడు.

విమానం లేచి ఎడమకు ఒరిగింది. అతను కుడికి తోసినకొద్దీ ఇంకా ఎడమకే తిరగబడి, ముక్కుతో నేలను పొడిచింది. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావే.

బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకున్నాడు. తీగ వైపు చాలాసేపు చూశాడు.

"ఇచ్చేముందు నువ్వు చూశావు కదా బావా," అన్నాడు మెల్లగా.

"చూశాను," అన్నాడు బావ. "అందుకే నీకిచ్చాను."